మా ఆవిడ సెట్టుకు మొనలున్నాయి, నా సెట్టు పలకలా ఉంది: నన్ను మోసం చేశారా?

ప్రశ్న: నా వయసు 69 సంవత్సరాలు. విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమణ పొంది గాజువాకలో ఉంటున్నాను. నిరుడు కొద్ది నెలల తేడాతో నేనూ మా ఆవిడా పైకీ కిందికీ పూర్తి పళ్ళసెట్లు కట్టించుకున్నాము. ఇద్దరం వేర్వేరు డాక్టర్ల దగ్గరకు వెళ్ళాము. ఆమె సెట్టులో దవడపళ్ళు అసలు పళ్ళలాగే మొనలు దేలి ఉన్నాయి. నా సెట్టులోవి పలకల్లా చదునుగా ఉన్నాయి. ఆమె వేయించిన వేరుశనగపప్పులు, జామకాయ ముక్కలు తింటున్నది. నాకు తోటకూర కాడ కూడా నలగడం లేదు, మాంసం ముక్కనైతే నమిలి నమిలి విసుగొచ్చి మింగేస్తున్నాను. నాకు చవకరకం పళ్ళు అంటగట్టారా? మొనలున్న పళ్ళతో మళ్ళీ కొత్త సెట్టు కట్టించుకోవాలా? ఇంకొక విషయం. నా కింది దవడపళ్ళు పదిహేనేళ్ళ క్రితమే పోయాయి, ఇన్నాళ్ళూ ముందుపళ్ళతోనే నెట్టుకొచ్చాను. మా ఆవిడకు పళ్ళు తీయించి ఇంకా రెండేళ్ళు కాలేదు.

సమాధానం: "ఇంకొక విషయం" అంటూ ఉత్తరం చివర మీరు రాసిన ఆ రెండు వాక్యాలలోనే మీ ప్రశ్నకు సగం సమాధానం ఉంది. ముందుగా మీ అనుమానం సంగతి చెబుతాను. చదునుపళ్ళు చవకపళ్ళు కావు. కట్టుడు పళ్ళు తయారుచేసే కంపెనీలు ఒకే నాణ్యతలో మొనలున్న పళ్ళనూ, చదునుగా ఉండే పళ్ళనూ కూడా చేస్తాయి. ధరలో తేడా ప్రధానంగా పన్ను ఏ పదార్థంతో చేశారన్నదాన్ని బట్టి, అది ఎంతకాలం అరగకుండా నిలుస్తుందన్నదాన్ని బట్టి వస్తుంది. మీకు సెట్టు కట్టిన డాక్టరు చదునుపళ్ళు ఎంచుకున్నారంటే, మీ నోరు చూసి, ఆలోచించే ఎంచుకుని ఉండే అవకాశమే ఎక్కువ. ఆ కారణమేమిటో మీకు అప్పుడే విడమరచి చెప్పి ఉంటే ఈ అనుమానమే వచ్చేది కాదు. ఆ లోపం మాత్రం మా వృత్తిలో చాలామందిలో ఉంది, నాలోనూ లేకపోలేదు.

దవడపన్ను పైభాగాన్ని జాగ్రత్తగా చూస్తే చిన్న చిన్న మొనలు, వాటి మధ్య లోయలు కనిపిస్తాయి. ఆ మొన వాలు ఎంత ఏటవాలుగా ఉందన్నదాన్ని డిగ్రీలలో కొలుస్తారు. సహజమైన పన్నును పోలిన కట్టుడు పన్నుకు ఈ వాలు 30 నుంచి 33 డిగ్రీల వరకు ఉంటుంది. వాలు తగ్గించి చేసిన పళ్ళకు 20 డిగ్రీలో, 10 డిగ్రీలో ఉంటుంది. మీ సెట్టులో ఉన్నలాంటి చదునుపన్నును సున్నా డిగ్రీల పన్ను అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన దంతవైద్యుడు ఆల్ఫ్రెడ్ గైసీ దవడ కదలికలను లెక్కగట్టి 1914లో మొనలున్న పళ్ళను రూపొందించాడు. అవి అందరి నోళ్ళలోనూ కుదురుగా కూర్చోకపోవడంతో 1920లలో విక్టర్ సియర్స్ అనే మరో దంతవైద్యుడు మొనలు లేని పళ్ళవైపు మొగ్గాడు. ఆనాడు మొదలైన వాదన నేటికీ పూర్తిగా తెగలేదు. కాబట్టి మీ ఇద్దరి డాక్టర్లూ వేర్వేరు పళ్ళు ఎంచుకోవడంలో వింతేమీ లేదు.

మొనలవల్ల నమలడానికి కలిగే ప్రయోజనమేమిటో వంటింటి ఉదాహరణతోనే చెప్పవచ్చు. మన ఇళ్ళలో రోళ్ళు, తిరగళ్ళు వాడిన రోజుల్లో వాటికి ఏటా కక్కు కొట్టించేవారు. రాయి నున్నబడిపోతే పప్పు నలగక జారిపోతుంది, చెయ్యి నొప్పి పుడుతుంది, పిండి మాత్రం పడదు. కక్కు కొట్టిన రాయిమీద గరుకు గింజను పట్టుకుంటుంది, గాడి నలిగినదాన్ని బయటికి పంపుతుంది. పన్ను విషయంలోనూ అంతే. మొన ఆహారంలోకి దిగి చీలుస్తుంది, మొనల మధ్య ఉన్న గాడుల గుండా నలిగిన ముక్కలూ రసమూ పక్కకు జారిపోయి, మిగిలిన ముక్క మళ్ళీ పళ్ళ మధ్యకు వస్తుంది. మొనా గాడీ లేని రెండు చదునుతలాల మధ్య తోటకూర కాడ పెట్టి నొక్కితే అది అణుగుతుందే తప్ప తెగదు, నొక్కు వదలగానే దాని పీచు మళ్ళీ లేచి నిలబడుతుంది. మెత్తని అన్నమూ, పప్పూ, ఉడికిన బంగాళదుంపా చదునుపళ్ళకు చక్కగా లొంగుతాయి. కాడలు, గోంగూర పీచు, మాంసపు నారలు, జామకాయ తొక్క మాత్రం లొంగవు. మీరు ఉత్తరంలో ఏకరువు పెట్టినవన్నీ పీచు పదార్థాలే కావడం గమనించండి. మీ ఫిర్యాదులో అతిశయోక్తి లేదు.

మరి మొనలే మేలైతే అందరికీ అవే పెట్టవచ్చు కదా అని మీరు అడగవచ్చు. సహజమైన పన్ను ఎముకలో పాతుకుని ఉంటుంది, మొన వాలుమీద పక్కకు పడే ఒత్తిడిని వేరు తట్టుకుంటుంది. కట్టుడు పన్నుకు వేరు లేదు. అది చిగురుమీద తేలుతూ ఉండే ప్లాస్టిక్ పీఠానికి అతుక్కుని ఉంటుంది. కింది మొన పైమొన వాలుమీద జారినప్పుడల్లా ఆ బలంలో కొంత భాగం పీఠాన్ని పక్కకు తోస్తుంది. వాలు ఎంత ఏటవాలైతే తోపు అంత ఎక్కువ. నీళ్ళమీద ఉన్న నాటుపడవలో ఒక అంచును తొక్కితే రెండో అంచు లేచినట్టు, పీఠం ఒక వైపు అణిగి మరొక వైపు లేస్తుంది. దాన్ని ఆపవలసింది పళ్ళూడిన తర్వాత దవడమీద మిగిలే ఎముకగట్టు. ఆ గట్టు ఎత్తుగా, నిటారుగా ఉంటే పీఠాన్ని రెండు వైపులా పట్టుకుని ఆపుతుంది. అరిగి చదునైపోతే ఆపడానికి అక్కడ ఏమీ ఉండదు.

మీకూ మీ ఆవిడకూ తేడా వచ్చింది సరిగ్గా ఇక్కడే. పళ్ళు పోయిన చోట ఎముక ఏళ్ళ తరబడి కరుగుతూనే ఉంటుంది. అంట్యే టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు పూర్తి సెట్లు వాడేవారిని ఇరవై అయిదేళ్ళపాటు గమనించి 1972లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, కింది దవడ ఎముక పైదవడ ఎముకకంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా తరిగిపోతుంది. పీఠం ఆనుకునే చోటు విషయంలోనూ కింది దవడకు అన్యాయమే జరిగింది. పళ్ళు లేని పైదవడలో సెట్టు ఆనడానికి సగటున 23 చదరపు సెంటీమీటర్ల చోటు దొరికితే, కింది దవడలో దాదాపు 12 మాత్రమే దొరుకుతుంది. సహజమైన పళ్ళ వేళ్ళను ఎముకకు పట్టి ఉంచే పొర వైశాల్యం ఒక్కో దవడకు 45 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మీ కింది దవడపళ్ళు పోయి పదిహేనేళ్ళయింది. ఆ భాగంలో గట్టు అరిగి ఉంటుందని, మీ నోరు చూడకుండానే, చాలావరకు అనుకోవచ్చు. అలాంటి దవడమీద 33 డిగ్రీల పళ్ళు పెడితే నాలుగు రోజుల్లో చిగురు పుండై, సెట్టు నోట్లో కంటే అరచేతిలోనే ఎక్కువసేపు ఉంటుంది. కదిలే పన్ను ఎంత పదునైనదైనా కొయ్యలేదు. ఇదే నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది. నమలడంలో మొనలు ఎంత సాయం చేస్తాయన్నది సెట్టు ఎంత కదలకుండా నిలుస్తుందన్నదానిమీద ఆధారపడి ఉంటుంది.

మీ ఆవిడ వేరుశనగపప్పులు తింటున్నారన్న మాటను కూడా కొంచెం తరచి చూద్దాము. పూర్తి సెట్టు వాడేవారికి కొరికే బలం సహజమైన పళ్ళున్నవారి బలంలో నాలుగో వంతో, ఐదో వంతో మాత్రమే ఉంటుంది. మొనలు ఆ లోటును కొంత పూడుస్తాయే తప్ప పూర్తిగా తీర్చలేవు. నమలడాన్ని కొలవడానికి 1950లో మాన్లీ, బ్రేలీ అనే పరిశోధకులు వాడిన పద్ధతి మీకు నచ్చుతుంది. వాళ్ళు కూడా వేరుశనగపప్పులనే నమిలించి, మింగనివ్వకుండా ఉమ్మించి, జల్లెడ పట్టి, ఎంత పొడి కిందికి దిగిందో చూశారు. తినగలగడం ఒకటి, నలిగేలా నమలడం మరొకటి. సెట్టు కట్టించుకున్న తర్వాత అన్నీ తింటున్నామని గర్వంగా చెప్పేవారిలో కొందరు పెద్ద ముక్కలు మింగడం అలవాటు చేసుకున్నవారేనని నా అనుభవం. మీరు మాంసం ముక్క మింగేస్తున్నానని ఒప్పుకున్నారు. ఆ అలవాటు వెంటనే మానాలి, ఎందుకంటే ఈ వయసులో గొంతుకు అడ్డం పడే ప్రమాదం తేలిగ్గా తీసుకోదగినది కాదు.

మొనలున్న పళ్ళకూ, చదునుపళ్ళకూ మధ్యన మరొక పద్ధతి ఉంది. మీరు డాక్టరుతో మాట్లాడవలసింది దాని గురించే. పైదవడపళ్ళలో నాలుక వైపున్న మొనను మాత్రం పదునుగా ఉంచి, బుగ్గ వైపు మొనను పైకి ఎత్తి తాకకుండా చేసి, దానికి ఎదురుగా కింద చదునైన లేదా లోతు తక్కువ గుంట ఉన్న పన్ను పెడతారు. రోకలి రోట్లో పడ్డట్టు, పైన ఒకే మొన కింద ఒకే గుంటలోకి దిగుతుంది. దీన్ని లింగ్వలైజ్డ్ అక్లూజన్ అంటారు. 1927లో గైసీ సూచించిన ఈ ఆలోచనను 1941లో పేన్ అనే దంతవైద్యుడు వివరించాడు. ఇందులో మొన చీల్చే పని చేస్తుంది, పక్కతోపు మాత్రం తగ్గుతుంది. పైగా ఒత్తిడి కింది గట్టు నడిమికి పడటంవల్ల సెట్టు ఒరగడం తగ్గుతుంది. ఈ మూడు రకాలనూ పోల్చిన అధ్యయనాల ఫలితాలు అన్నీ ఒకేలా లేకపోయినా, గట్టి ఆహారం నమలడంలో సున్నా డిగ్రీల పళ్ళకంటే మొనలున్నవాటిని, ఈ మధ్యరకాన్ని ఇష్టపడినవారే తరచుగా ఎక్కువగా కనిపిస్తారు. గట్టు అరిగిన వారికి సెట్టు కట్టేటప్పుడు నేను మొదట ఆలోచించేది దీని గురించే. అయితే నోరు మూసిన ప్రతిసారీ కింది దవడ ఒకే చోటికి రాని వారికి, పక్షవాతం వంటి కారణాలతో కండరాలమీద అదుపు తగ్గినవారికి, పైకింది దవడల అమరిక బాగా ఎగుడుదిగుడుగా ఉన్నవారికి చదునుపన్నే క్షేమం. అందులో పన్ను కొంచెం అటూ ఇటూ తాకినా ఇబ్బంది రాదు.

మొన ఒక్కటే కాదు, పన్ను వెడల్పు కూడా నమలడాన్ని మారుస్తుంది. ఈ సంగతి రోగులు అడగరు, డాక్టర్లూ చెప్పరు. వెడల్పైన పన్ను జామకాయలోకి దిగాలంటే ఎక్కువ బలం కావాలి, ఆ బలమంతా మీ చిగురుమీదే పడుతుంది. అదే పన్ను బుగ్గకూ నాలుకకూ మధ్య దిశలో కాస్త సన్నగా ఉంటే తక్కువ బలంతోనే దిగుతుంది, నాలుకకు చోటు మిగులుతుంది, నాలుక పీఠాన్ని పైకి నెట్టడం తగ్గుతుంది. అరిగిన దవడకు చిట్టచివరి దవడపన్నును అసలు పెట్టకుండా వదిలేయడం కూడా మంచి పద్ధతే. ఎముక పైకి వాలే చోట పన్ను పెడితే నమిలినప్పుడల్లా సెట్టు ముందుకు జారుతుంది. కాబట్టి ఒక పన్ను తక్కువ పెట్టారని ఎవరైనా బాధపడితే, ఆ పన్ను లేకపోవడమే వారికి మేలు చేస్తున్నదేమో అడిగి తెలుసుకోవాలి. ఇక చదునుపళ్ళను పైనా కిందా అంచుకు అంచు కలిపి అమర్చితే బుగ్గ మధ్యలో పడి కొరుక్కుపోతుంది. మీకు ఆ బాధ కూడా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

కొత్త సెట్టుకు డబ్బు పెట్టే ముందు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. కింది సెట్టు పెట్టుకుని ఒక వైపు దవడపళ్ళమీద వేలితో నిలువుగా నొక్కండి. రెండో వైపు లేస్తే సెట్టు నిలకడగా లేదని అర్థం. నోరు కొద్దిగా తెరిచి నాలుక కొసను పెదవిమీదికి చాచినప్పుడు కింది సెట్టు తేలినా అంతే. ఈ స్థితిలో మొనలు పెంచడం బాధను పెంచుకోవడమే అవుతుంది. అప్పుడు చేయవలసిన మొదటి పని సెట్టు లోపలి తలాన్ని మీ చిగురుకు సరిపోయేలా మళ్ళీ నింపించడం. దీన్ని రీలైనింగ్ అంటారు. రెండో పని, పైకింది పళ్ళు రెండు వైపులా ఒకేసారి తాకుతున్నాయో లేదో రంగుకాగితంతో చూసి, సెట్లను దవడ కదలికను అనుకరించే యంత్రంమీద బిగించి, ఎత్తుగా తాకుతున్న చోట్లను కొద్దికొద్దిగా అరగదీయించడం. చాలామందికి ఈ రెండింటితోనే నమలడం తెరిపిన పడుతుంది. చదునుపళ్ళకు సన్నని గాడులు తీయడం కూడా అప్పుడే చేయవచ్చు. దయచేసి ఆకురాయి పట్టుకుని మీరే ఆ పని మొదలుపెట్టకండి. ఉక్కు కర్మాగారంలో పనిచేసిన చేతికి ఆ ఉత్సాహం సహజమే గానీ, కాగితమంత మందం ఎక్కువ అరిగినా పళ్ళ తాకిడి మారిపోతుంది.

ఇవన్నీ చేశాక సెట్టు కదలకుండా నిలిచి, పీచు మాత్రమే తెగకపోతుంటే, అప్పుడు పళ్ళు మార్చే ఆలోచన చేయవచ్చు. దానికి సెట్టు మొత్తం పారేయనక్కర లేదు. పీఠం బాగుంటే దవడపళ్ళను మాత్రమే తీసి మధ్యరకపు పళ్ళు అతికించే వీలు కొన్ని సందర్భాలలో ఉంటుంది. రీలైనింగ్ తర్వాత కూడా కింది సెట్టు తేలుతూనే ఉంటే, పన్ను ఆకారం గురించి చర్చ వృథా. కింది దవడ ముందుభాగంలో రెండు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే చిన్న మరలు, వేసి సెట్టును వాటికి బొత్తాముల్లా తగిలించే పద్ధతి గురించి అడగండి. పళ్ళు లేని కింది దవడకు మొదట సూచించవలసిన చికిత్స ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు తీర్మానించారు. ఖర్చు ఎక్కువే. మధుమేహం అదుపులో ఉందో లేదో ముందు చూసుకోవాలి. రెండో అభిప్రాయం కావాలనుకుంటే రుషికొండలోనూ, సంగివలసలోనూ ఉన్న దంతవైద్య కళాశాలలలో కట్టుడు పళ్ళకు ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. గాజువాక నుంచి కొంచెం దూరమే అయినా, అక్కడ ఒకరికి ఇద్దరు చూసి చెబుతారు.

ఈలోగా నమిలే తీరు మార్చుకోండి. అసలు పళ్ళున్నప్పుడు ఒక వైపునే నమిలే అలవాటు చాలామందికి ఉంటుంది. సెట్టుతో అలా నమిలితే రెండో వైపు లేస్తుంది. ముద్దను రెండు భాగాలు చేసి రెండు వైపులా పెట్టుకుని, దవడను పక్కలకు తిప్పకుండా నిలువుగా ఆడిస్తూ నమలండి. చదునుపళ్ళకు ఈ నిలువు నమలడమే సరిపడుతుంది. ముందుపళ్ళతో కొరకవద్దు. ఆర్కే బీచ్‌లో కాల్చిన మొక్కజొన్నపొత్తు కొంటే గింజలు చేత్తో ఒలుచుకుని తినండి. ముందుపళ్ళతో పొత్తును కొరికితే పైసెట్టు వెనక భాగం ఊడి వస్తుంది, ఏళ్ళ తరబడి అలా చేస్తే పైదవడ ముందరి ఎముక కూడా కరుగుతుంది. తోటకూర కాడల పీచు తీసి అంగుళం కంటే చిన్న ముక్కలు చేయించండి. మాంసం కొన్నాళ్ళు కైమాగానే తినండి. వేరుశనగకాయలు వేయించినవాటికి బదులు ఉడకబెట్టినవి తినవచ్చు. మామిడితాండ్ర పళ్ళకు అతుక్కుని సెట్టును లాగేస్తుంది కాబట్టి దాని జోలికి పోవద్దు. కోనెం ముక్క మెత్తగానే ఉంటుంది గానీ, పైసెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి ముల్లు తగిలినా మునుపటిలా తెలియదు, ముల్లున్న చేపను చేత్తో విడదీసి చూసుకుని తినండి. రక్తపోటు మందులు వాడుతుంటే నోరు ఎండిపోవచ్చు, ఎండిన నోట్లో సెట్టు నిలవదు. అన్నం ముందు రెండు గుక్కల నీళ్ళు తాగండి.

మీ ఆవిడ సెట్టు గురించి కూడా ఒక మాట. యాక్రిలిక్ పళ్ళ మొనలు నాలుగైదేళ్ళలో అరుగుతాయి. పన్ను అరిగేకొద్దీ పైకింది దవడల మధ్య ఎత్తు తగ్గి, మొహం ముడుచుకుపోయినట్టు కనిపిస్తుంది, నమలడమూ మందగిస్తుంది. ఈ రెండేళ్ళలో ఆమె ఎముక వేగంగా మారే దశలో ఉంది కాబట్టి, బాధ లేకపోయినా ఆమెను కూడా ఏడాదికొకసారి తీసుకెళ్ళి సెట్టు వదులైందేమో చూపించండి. రాత్రిళ్ళు ఇద్దరూ సెట్లు తీసి చన్నీళ్ళలో ఉంచండి, వేణ్ణీళ్ళలో వేస్తే పీఠం వంగిపోతుంది. గిన్నెలు వేరువేరుగా పెట్టుకోండి. ఒకరి సెట్టు ఒకరు పెట్టుకుని చూడవద్దు. ఈ మాట నవ్వులాటకు చెప్పడం లేదు, అలా చూసి చిగురు పుండు చేసుకుని వచ్చినవారిని నేను చూశాను.

డాక్టరు దగ్గరకు వెళ్ళే రోజుకు ముందు రోజంతా సెట్టు పెట్టుకునే ఉండండి. నొప్పి పుడుతున్నదని రెండు రోజుల ముందు తీసి పక్కన పెట్టి వెళితే చిగురుమీది ఎర్రని మచ్చలు మాసిపోతాయి, ఎక్కడ ఒరుసుకుంటున్నదో డాక్టరుకు కనిపించదు. "నాకు చదునుపళ్ళు ఎందుకు పెట్టారు, నా కింది గట్టుకు మధ్యరకం పళ్ళు తగవా?" అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబునుబట్టి, పాత సెట్టునే సరిచేయించుకోవాలో, పళ్ళు మార్పించుకోవాలో మీకే తేలిపోతుంది.